మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

వనమహోత్సవం నాడు మీ బడిలో ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. ముందురోజే గోతులు తవ్వించి ఉంచుతారు. పొద్దున్నే మిమ్మల్ని వరసగా నిలబెడతారు. పెద్దలెవరో వచ్చి ఒక మొక్క నాటి, చెంబుడు నీళ్ళు పోసి, చెట్ల గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్తారు. మీ చేత ప్రతిజ్ఞ చేయిస్తారు. ఫోటోలు తీస్తారు. ఆ తర్వాత ఆ మొక్క ఊసు ఎవరికీ పట్టదు. వేసవి వచ్చేసరికి గొయ్యి మిగులుతుంది. మరుసటేడు అదే గోతిలో ఇంకో మొక్క.

మన దేశంలో వనమహోత్సవం 1950లో మొదలైంది. మంచి ఉద్దేశంతో మొదలైన పనే. మొక్కలు నాటడం తప్పని ఎవరూ అనరు. కాని ఒక్క ప్రశ్న. ఆ మొక్క ఎక్కడ నాటాలి, వేప నాటాలా కానుగ నాటాలా, ఎండాకాలం సెలవుల్లో దానికి నీళ్ళెవరు పోయాలి - ఈ సంగతులు మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

అడిగి ఉండరు. గొయ్యి తవ్వడానికి మీరు కావాలి. ప్రతిజ్ఞ చెయ్యడానికి మీరు కావాలి. ఫోటోలో నిలబడడానికి మీరు కావాలి. నిర్ణయం చెయ్యడానికి మాత్రం మీరు అక్కర్లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట ఒకటే. పిల్లల్ని పనికి పిలవడం వేరు, మాటకు పిలవడం వేరు. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో మిమ్మల్ని పనికి అందరూ పిలుస్తున్నారు. మాటకు పిలిచేవాళ్ళు తక్కువ. రెండోది లేకపోతే మొదటిది ఉత్త తంతు.

మిమ్మల్ని మాటకు ఎందుకు పిలవాలి? మీరు ముద్దుగా మాట్లాడతారని కాదు. దానికి గట్టి కారణం ఉంది. ఆ కారణం విజ్ఞానశాస్త్రంలోనే ఉంది. ముందు దాన్ని చూద్దాం.

చెరువు లెక్క

ఒక చెరువును ఊహించుకోండి. వాగులోంచి నీళ్ళు వచ్చి పడుతున్నాయి. తూములోంచి కొన్ని బయటికి పోతున్నాయి. వచ్చే నీళ్ళు పోయే నీళ్ళకంటే ఎక్కువగా ఉన్నంతకాలం చెరువు మట్టం పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు వాగు జోరు కాస్త తగ్గిందనుకోండి. మట్టం తగ్గుతుందా? తగ్గదు. పెరగడం నెమ్మదిస్తుంది, అంతే. వాగులోంచి వచ్చేది తూములోంచి పోయేదానికి సమానమైనప్పుడే మట్టం నిలుస్తుంది.

మన చుట్టూ ఉన్న గాలి ఇలాంటి చెరువే. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించినప్పుడల్లా బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుంది. మీ పాఠంలో దీన్ని కార్బన్ డయాక్సైడ్ అంటారు. భూమి నుంచి పైకి పోయే వేడిని ఇది కొంత పట్టి ఉంచుతుంది. సముద్రాలూ, అడవులూ, నేలా కలిసి ఈ చెరువుకు తూములు. మనుషులు గాలిలోకి వదిలే వాయువులో సుమారు సగాన్ని ఇవి తీసేసుకుంటున్నాయి. మిగతా సగం గాలిలో పేరుకుంటోంది.

ఎంత పేరుకుంది? ఫ్యాక్టరీల యుగం రాక మునుపు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళకూ 280 పాళ్ళు ఈ వాయువు ఉండేది. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద దీన్ని రోజూ కొలిచే ఏర్పాటు చేశాడు. అప్పుడు సుమారు 315 పాళ్ళు ఉండేది. అదే కొండ మీద 2024 సంవత్సరపు సగటు సుమారు 424.

చెరువుకూ గాలికీ ఒక తేడా ఉంది. వచ్చిన నీళ్ళు ఒక వేసవిలో ఆవిరై పోవచ్చు. ఈ వాయువు అలా పోదు. ఇవాళ పొగగొట్టంలోంచి వెళ్ళినదాంట్లో కొంత భాగం వందల ఏళ్ళు గాలిలోనే ఉంటుంది. సముద్రమైతే ఇంకా నిదానం మనిషి. గాలి వేడెక్కడం ఆగినా సముద్రమట్టం పెరగడం వెంటనే ఆగదు.

ఇందులోంచి ఏం తేలుతుంది? నిర్ణయం చేసేవారు ఒకరు, దాని ఫలితం అనుభవించేవారు మరొకరు అని తేలుతుంది. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఒకసారి కట్టారంటే ముప్ఫై నలభై ఏళ్ళు నడుస్తుంది. గాలిలోకి మనం వదిలే వాయువూ, గాలి నుంచి తీసివేయబడే వాయువూ సమానమయ్యే స్థితికి 2070 నాటికి చేరుకుంటామని 2021 నవంబరులో గ్లాస్గో సభలో మన దేశం ప్రకటించింది. ఆ మాట ఇచ్చినవాళ్ళలో ఎంతమంది 2070 చూస్తారు? 2011లో పుట్టినవాళ్ళకు ఆ ఏడు 59 ఏళ్ళు వస్తాయి. అంటే ఆ మాట నిలబడిందో లేదో చూసేది మీరు. నిలబడకపోతే అనుభవించేదీ మీరే.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని సామెత. ఇక్కడ అది తిరగబడింది. నెయ్యి తాగింది తాతలు. కొట్టువాడి పద్దులో బాకీ మాత్రం మనవల పేరున ఉంది. పద్దు ఎవరి పేరున రాస్తున్నారో వాళ్ళను ఒక్క మాట అడగడం న్యాయం కాదా?

ఓటు లేనివాళ్ళ మాట

"పిల్లలకు ఓటు లేదు కదా" అని మీరు అనవచ్చు. నిజమే. మన దేశంలో ఓటు వయసు పద్ధెనిమిది. అదీ మొదటినుంచీ లేదు. రాజ్యాంగానికి 61వ సవరణ చేసి 1989లో అమలు పెట్టేదాకా అది ఇరవై ఒకటి. అంతవరకూ ఇరవై ఏళ్ళవాడు ఉద్యోగం చెయ్యవచ్చు, పొలం దున్నవచ్చు, ఓటు మాత్రం వెయ్యకూడదు. అంటే ఈ గీత దేవుడు గీసింది కాదు. మనుషులు గీశారు, మనుషులే జరిపారు.

పద్నాలుగేళ్ళవాళ్ళకు ఓటు ఇమ్మని నేను అనడం లేదు. ఓటు లేనివాళ్ళకు మాట చెప్పుకునే మరో దారి ఉండాలంటున్నాను. ఇది నా సొంత కోరిక కూడా కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం ఇదే చెప్తుంది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకు ఉంది, వాళ్ళ వయసునూ పరిణతినీ బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలి అని. ఆ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. 2023లో బాలల హక్కుల కమిటీ పర్యావరణం మీదా, ముఖ్యంగా వాతావరణ మార్పు మీదా ఒక వివరణ పత్రం ప్రకటించింది. దాన్ని తయారు చేసేటప్పుడు 121 దేశాల పిల్లల నుంచి 16,331 అభిప్రాయాలు తీసుకున్నారు. పెద్దలు తల్చుకుంటే పిల్లల్ని అడగడం సాధ్యమే అన్నమాట.

అడక్కపోతే ఏం చెయ్యాలి? తామే అడిగినవాళ్ళ కథ ఒకటి చెప్తాను.

ఇరవై ఏడుగురు విద్యార్థులు

ఫిజీ పేరు మీరు వినే ఉంటారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఫిజీకి పడమరగా, అదే పసిఫిక్ మహాసముద్రంలో, వనువాటు అనే దేశం ఉంది. ఎనభై దాకా దీవులు. జనం మూడు లక్షల పైచిలుకు. మన జిల్లాల్లో చాలావాటిలో ఒక్కొక్కదాంట్లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. 2015లో పామ్ తుఫాను ఆ దేశాన్ని తుడిచిపెట్టింది. భూమిని వేడెక్కించడంలో ఆ దేశం వాటా లెక్కకు కూడా రాదు.

పసిఫిక్ దీవుల దేశాలు కొన్ని కలిసి ఒక విశ్వవిద్యాలయం నడుపుకుంటున్నాయి. దాని ముఖ్య కార్యాలయం ఫిజీలో ఉంది. న్యాయశాస్త్రం చెప్పే శాఖ వనువాటు రాజధాని పోర్ట్ విలాలో ఉంది. 2019లో అక్కడ చదువుకుంటున్న 27 మంది విద్యార్థుల మధ్య ఒక ఆలోచన పుట్టింది. మన దీవులు మునుగుతుంటే దేశదేశాల బాధ్యత ఏమిటని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే ఏం? ఆ న్యాయస్థానం నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో ఉంది. దేశాల మధ్య తగవులు తీర్చే ప్రపంచపు పెద్ద కోర్టు అది. అక్కడికి విద్యార్థులు నేరుగా పోలేరు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ అడగాలి.

విద్యార్థులు ఒక సంఘం పెట్టుకున్నారు. పసిఫిక్ దేశాల నాయకులకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం ఆ ఆలోచనను అందుకుంది. ఒక దేశం తర్వాత ఒక దేశాన్ని ఒప్పించుకుంటూ వచ్చారు. 2023 మార్చి మొదట్లో ఒకే వారంలో రెండు తుఫానులు వనువాటును కొట్టాయి. అదే నెల 29న సర్వసభ్యసభ ఆ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. 130కి పైగా దేశాలు దాన్ని తమ పేరుతో ప్రతిపాదించాయి.

2024 డిసెంబరులో కోర్టు వాదనలు విన్నది. 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు మాట్లాడాయి. 2025 జులై 23న న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో తమ అభిప్రాయం చెప్పారు. వాతావరణాన్ని కాపాడడం దేశాల దయాధర్మం కాదు, చట్టపరమైన బాధ్యత. ఆ బాధ్యత తప్పితే అది అంతర్జాతీయ న్యాయం ప్రకారం తప్పు. నష్టపోయినవారికి పరిహారం ఇవ్వవలసి రావచ్చు. స్థూలంగా ఇదీ దాని సారాంశం.

ఇందులో మనం పొంగిపోకుండా గమనించవలసిన సంగతి ఒకటుంది. అది తీర్పు కాదు, సలహా. దాన్ని కాదన్న దేశాన్ని పట్టుకొచ్చి జైల్లో పెట్టే పోలీసు ఎక్కడా లేడు. ఆ మర్నాడు ఏ పొగగొట్టమూ ఆగిపోలేదు. అయినా, ఇకమీద ఏ దేశపు కోర్టులో ఈ తగవు వచ్చినా ఆ మాటల్ని ఎత్తి చూపవచ్చు. తరగతి గదిలో మొదలైన ప్రశ్న ఆరేళ్ళకు అక్కడిదాకా వెళ్ళింది.

ఒక గెలుపు, ఒక ఓటమి

జర్మనీలో 2019లో ఒక వాతావరణ చట్టం చేశారు. 2030 దాకా ఏ ఏడు ఎంత తగ్గించాలో అందులో రాశారు. ఆ తర్వాత సంగతి స్పష్టంగా రాయలేదు. కొందరు యువతీయువకులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. 2021లో ఆ కోర్టు ఏమన్నదంటే - ఇప్పుడు కొంచెమే తగ్గించి బరువంతా 2030 తర్వాతకు నెట్టడం రేపటివాళ్ళ స్వేచ్ఛను హరించడమే, చట్టం సరిచెయ్యండి అని. ప్రభుత్వం అదే ఏడు చట్టం మార్చింది. 2030 నాటికి 55 శాతం తగ్గించాలన్న చోట 65 శాతం అని రాసింది. పూర్తిగా సమానస్థితికి వచ్చే గడువును 2050 నుంచి 2045కు ముందుకు జరిపింది. ఇందాక మనం చెప్పుకున్న చెరువు లెక్కనే ఆ న్యాయమూర్తులు న్యాయశాస్త్రపు భాషలో చెప్పారు.

మన దేశంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. 2013లో ఉత్తరాఖండ్‌లో వరదలు వచ్చి వేలమంది చనిపోయారు. ఆ రాష్ట్రపు అమ్మాయి రిధిమా పాండే 2017లో, తన తొమ్మిదో ఏట, జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అర్జీ వేసింది. ప్రభుత్వం వాతావరణ మార్పు విషయంలో చెయ్యవలసినంత చెయ్యడం లేదని దాని సారాంశం. 2019లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. పర్యావరణ అనుమతులిచ్చేటప్పుడు ఈ విషయాలు చూడడం లేదని అనుకోవడానికి కారణం లేదన్నది. అదే ఏడు రిధిమా మరో పదిహేనుమంది పిల్లలతో కలిసి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీకి అయిదు దేశాల మీద ఫిర్యాదు చేసింది. ముందు ఆయా దేశాల కోర్టుల్లో తేల్చుకు రమ్మని 2021లో దాన్నీ తిప్పి పంపారు.

ఇది ఓటమే. దాచవలసిన పని లేదు. అయితే 2024 మార్చి 21న మన సుప్రీంకోర్టు వేరే కేసులో ఒక మాట అన్నది. అది బట్టమేక పిట్టను కాపాడడానికి, ఎడారిలో సౌరవిద్యుత్ తీగలు లాగడానికి మధ్య వచ్చిన తగవు. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద ప్రతి మనిషి హక్కు అని అందులో చెప్పారు. "ప్రతి మనిషి" అన్న మాటలో మీరు కూడా ఉన్నారు.

"పిల్లలకేం తెలుసు?"

మీరు నోరు విప్పితే ముందు వినిపించే మాట ఇదే. దీనికి కోపం తెచ్చుకోకండి. ఇది సరైన ప్రశ్నే. తెలియకుండా మాట్లాడితే ఎవరి మాటకూ విలువ ఉండదు, పెద్దవాళ్ళ మాటకైనా. కనుక తెలుసుకుని మాట్లాడాలి. తెలుసుకోవడానికి అన్నిటికంటే గట్టి దారి కొలవడం.

మన దగ్గరే జరిగిన ఒక ఉదాహరణ చూడండి. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులు భూగర్భజలాన్ని తామే కొలిచారు. అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి జిల్లాలవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. ఊళ్ళో వానమాపకం పెట్టుకుని ఎంత వాన పడిందో రాసుకున్నారు. పదిహేను రోజులకోసారి బోరుబావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచారు. ఆ అంకెల్ని అందరికీ కనిపించేలా గోడ మీద రాశారు. రబీ పంట వేసే ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్ళెన్ని, మనం వేద్దామనుకున్న పంటలకు కావలసినవి ఎన్ని అని లెక్క కట్టారు. తక్కువ పడితే వరి మాని ఆరుతడి పంటలు వేసుకున్నవాళ్ళు చాలామంది. ఎవరూ ఆజ్ఞాపించలేదు. జరిమానాలు లేవు. అంకెలు కంటికి కనిపించాయి, అంతే.

ఆ రైతుల్లో బడికి పోనివారు ఎందరో ఉన్నారు. వాళ్ళు చెయ్యగలిగింది తొమ్మిదో తరగతి చదివే మీరు చెయ్యలేరా?

ఒంటిపూట బడి ఎవరు పెట్టాలి?

మీరు కొలవదగిన విషయం ఒకటి చెప్తాను. దాన్ని మీకంటే బాగా కొలవగలవాళ్ళు లేరు. అదే మీ తరగతి గదిలో వేడి.

2015 వేసవిలో వడగాలులకు మన దేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. అంతకు ముందు 2010 మేలో అహమ్మదాబాదులో ఇలాంటి ఉపద్రవమే వచ్చింది. ఆ తర్వాత 2013లో ఆ నగరం వడగాలుల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక వేసుకుంది. ముందే హెచ్చరించడం, ఆస్పత్రుల్ని సిద్ధంగా ఉంచడం, నీళ్ళు అందించడం అందులోని అంశాలు. మన రాష్ట్రాలు కూడా ఇలాంటి ప్రణాళికలు వేస్తున్నాయి.

ఇక మన బడుల సంగతి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టడం ఆనవాయితీ. కాని ఎండ క్యాలెండరు చూసి రాదు. పైగా అన్ని బడులూ ఒకటి కావు. రేకుల కప్పు కింద కూర్చున్నవాడి బాధ వేపచెట్టు నీడన ఉన్న పెంకుటింటి బడివాడికి తెలియదు.

కాబట్టి ఇలా చెయ్యండి. ప్రయోగశాలలో వాడే థర్మామీటరు రెండు తీసుకోండి. జ్వరం చూసేది పనికిరాదు. ఒకటి తరగతి గదిలో, కూర్చున్నవాళ్ళ తల ఎత్తున, ఎండ పడని చోట కట్టండి. రెండోది బయట నీడలో కట్టండి. ఫిబ్రవరి మొదటి నుంచి రోజూ పదింటికి, ఒంటిగంటకు, మూడింటికి చూసి రాయండి. మూడో థర్మామీటరు దొరికితే దాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి, గదిలో ఉన్నదాని పక్కనే కట్టండి. తడిది మామూలుగా తక్కువే చూపిస్తుంది. రెండిటికీ తేడా ఎక్కువైతే గాలి పొడిగా ఉన్నట్టు. తేడా తక్కువైతే గాలిలో తేమ ఎక్కువని గుర్తు. తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే అనంతపురంలో 41 డిగ్రీల కంటే కోస్తాలో 37 డిగ్రీలే ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రాణం తీస్తుంది.

ఎవరికి ఏ రోజు తలనొప్పి వచ్చిందో, ఎవరు కళ్ళు తిరిగి పడ్డారో, కుండలో నీళ్ళు ఎన్నింటికి అయిపోయాయో కూడా పక్కన రాయండి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. రెండు నెలలకు మీ చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది. ఆ అంకెలు జిల్లా కార్యాలయంలో ఎవరి దగ్గరా ఉండవు.

అప్పుడు అడగండి. మా గదిలో ఇంత వేడి ఉన్న రోజులు ఇన్ని. ఒంటిపూట బడి తేదీని బట్టి పెడతారా, వేడిని బట్టి పెడతారా? 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ఒకటి ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వంటివి వేసి ఇళ్ళ లోపలి వేడి తగ్గించడం దాని ఉద్దేశం. మీది తెలంగాణ అయితే, మా బడి కప్పుకు ఆ పూత ఎప్పుడు వేస్తారని అడగండి. మీది ఆంధ్రప్రదేశ్ అయితే, మనకూ అలాంటి విధానం ఎందుకు ఉండకూడదని అడగండి.

ఎక్కడ అడగాలి? ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. మీ తల్లిదండ్రులు సభ్యులుగా ఉన్న పాఠశాల కమిటీలో అడిగించండి. గ్రామసభలో చదివి వినిపించండి. గ్రామసభలో పిల్లలకు ఓటు లేదు కనుక చోటు లేదంటే, పక్క రాష్ట్రం చూడమనండి. కర్ణాటకలో ప్రతి పంచాయతీ ఏటా పిల్లల కోసం ప్రత్యేకంగా గ్రామసభ జరపాలని 2006లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మక్కళ గ్రామసభ అని దాని పేరు. బడికి పోయే దారి, మంచినీళ్ళు, మరుగుదొడ్లు - ఇవన్నీ పిల్లలే లేచి అడుగుతారు. పంచాయతీవాళ్ళు జవాబు చెప్పవలసి ఉంటుంది. అది అన్నిచోట్లా ఒకేలా నడుస్తుందని కాదు. కాని తలుపు ఉన్నది. మనకూ అలాంటి తలుపు కావాలి.

పెద్దలకు మూడు మాటలు

ఈ పత్రిక మీ ఇంట్లో పెద్దలు కూడా తిరగేస్తారని నాకు తెలుసు. వాళ్ళకూ మూడు మాటలు.

ఒకటి. పిల్లల్ని అడిగేటట్టయితే నిర్ణయం కాకముందు అడగండి. అంతా అయిపోయాక వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టడం అడగడం కాదు.

రెండు. అడిగాక జవాబు చెప్పండి. పిల్లలు చెప్పినదాన్ని ఒప్పుకోనక్కర్లేదు. డబ్బు లేదనవచ్చు, వీలు కాదనవచ్చు. కాని ఎందుకు కాదో కాగితం మీద రాసి ఇవ్వండి. కారణం చెప్పిన "కాదు" కూడా ఒక పాఠమే. జవాబే రాని అర్జీ ఒక్కటే నేర్పుతుంది - అడగడం దండగ అని. ఆ పాఠం పదిహేనో ఏట నేర్చుకున్నవాడు ఇరవై అయిదో ఏట కూడా అడగడు.

మూడు. మీ బరువు వాళ్ళ నెత్తిన పెట్టకండి. "ఈ భూమిని మీరే కాపాడాలి" అని పిల్లలతో అనడం వినడానికి బాగుంటుంది. కాని బొగ్గు కొనేది పిల్లలు కాదు. సిమెంటు, ఉక్కు కర్మాగారాలు నడిపేదీ, రోడ్లు ఎక్కడ వెయ్యాలో తేల్చేదీ వాళ్ళు కాదు. మన దేశంలో తలకు ఏటా సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కకు వస్తుంది. అమెరికాలో సుమారు పద్నాలుగు టన్నులు. అందులోనూ మన పల్లెటూరి బడిపిల్లవాడి వాటా ఎంత? వాడు ఫ్యాను కట్టెయ్యడం మంచి అలవాటే. కాని ఆ ఫ్యానుకు కరెంటు బొగ్గులోంచి రావాలా ఎండలోంచి రావాలా అన్నది వాడి చేతిలో లేదు. అది మీ చేతిలో ఉంది. వాడిని అడగమంటున్నది వాడు మీ పని చేస్తాడని కాదు, మీ పని మీరు చేస్తున్నారో లేదో వాడు చూస్తాడని.

చివరికి మీకు

ఇవన్నీ చదివి కొందరు భయపడవచ్చు. భయపడవలసిన సంగతులు ఉన్నమాట నిజమే. అయితే చెరువు లెక్కను మళ్ళీ ఒకసారి చూడండి. వాగు జోరు తగ్గించిన ప్రతిసారీ చివరకు మట్టం నిలిచే చోటు కొంచెం కిందికి దిగుతుంది. ఇప్పుడు చేసిన ప్రతి పనికీ ఫలితం ఉంటుంది. అంతా అయిపోయిందన్నవాడి మాట ఎంత అబద్ధమో, ఏమీ కాలేదన్నవాడి మాట కూడా అంతే అబద్ధం.

మీ చదువు మానుకుని తిరగమని ఎవరూ చెప్పడం లేదు. వనువాటు విద్యార్థులు చదువు మాని కోర్టుకు పోలేదు. చదువుకున్న దాన్నే పట్టుకుని పోయారు. మీరు భౌతికశాస్త్రంలో ఉష్ణోగ్రత నేర్చుకుంటున్నారు. గణితంలో సగటు, రేఖాపటం నేర్చుకుంటున్నారు. సాంఘికశాస్త్రంలో పంచాయతీ నేర్చుకుంటున్నారు. తెలుగులో అర్జీ రాయడం నేర్చుకుంటున్నారు. ఈ నాలుగూ ఒక్క కాగితం మీదికి వస్తే అదే మీ భాగస్వామ్యం.

వచ్చే వనమహోత్సవానికి కూడా మీ బడిలో గోతులు తవ్విస్తారు. వెళ్ళండి, మొక్క నాటండి. కాని గొయ్యి తవ్వకముందే ఒక కాగితం పట్టుకుని వెళ్ళండి. పోయినేడు నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని, చచ్చినవి ఎందుకు చచ్చాయి, ఈసారి ఏ మొక్క ఎక్కడ నాటితే తరగతి గది మీద మధ్యాహ్నం నీడ పడుతుంది - ఇవి అందులో రాసి ఉంచండి. మిమ్మల్ని ఎవరూ అడగలేదు సరే. మీరు అడగండి.